పడవకు చాలినంత మోటారు

ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని అనువాదాన్ని వృత్తిగా పెట్టుకున్నవాడి దగ్గరకు నవలలూ నాటకాలే వస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మా ఇంట పొయ్యి వెలిగించేవి కరపత్రాలు, గ్యారంటీ కాగితాలు, పంపుసెట్లతోపాటు ఇచ్చే వాడకపు సూచనలు. అటువంటి పనుల్లో ఒకటి ఈ నెల ఈ శీర్షికకు విషయమైంది.

పన్నెండేళ్ల క్రితం ఒక వ్యాపార సంస్థవారు చిన్న పడవలకు బిగించే మోటారును గురించిన నాలుగు పేజీల ఇంగ్లీషు కరపత్రాన్ని తెలుగు చేయమని ఇచ్చారు. పడవ వెనుక పలకకు తగిలించి, పని ముగిశాక ఊడదీసి ఒడ్డుకు మోసుకుపోగలిగిన మోటారు అది. దాన్ని ఔట్‌బోర్డు మోటారంటారు. కరపత్రంలో ఒక వాక్యం, పడవకు 'అడిక్వేట్' శక్తి గల మోటారును ఎంచుకోవాలని చెబుతున్నది. ఆ మాటకు నేను "మంచి శక్తివంతమైన" అని రాశాను. వాక్యం చెవికి ఇంపుగా ఉంది. పని ఇచ్చినవారూ అభ్యంతరం చెప్పలేదు. డబ్బు పుచ్చుకొని ఆ సంగతి మరచిపోయాను.

మరుసటి ఏడాది వేసవిలో ఉప్పాడ వైపు ఒక పల్లెలో బడిపంతులుగా ఉన్న మా బంధువు ఇంటికి వెళ్లాను. అవి వేట నిషేధం రోజులు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలు సముద్రంలోకి పోరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ కట్టడి. ఆ రెండు నెలలూ తీరమంతా మరమ్మతుల హడావుడే. ఒకచోట వలలు కుడుతుంటారు, మరొకచోట పడవ అడుగుకు అతుకులు వేస్తుంటారు, ఇంకొకచోట మోటారు విప్పి గోనెపట్టా మీద పరచి ఉంటుంది. ఒక సాయంకాలం అరవై ఏళ్ల పెద్దాయన ఒకరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన చేతిలో నూనె మరకలు పడ్డ నా కరపత్రం ఉంది.

"బాబుగారండి, ఈ తెలుగు మీరే రాసేరంట గదండి" అన్నారాయన. "శక్తివంతమైన మోటారు కొనమని రాసేరు. కొన్నానండి. ఇప్పుడు దీని సంగతేంటో తమరే సెప్పాలండి."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఒడ్డు కనబడుతూనే ఉంది

ఆయనది ఫైబరు పడవ. నీటిని తాకే పొడవు సుమారు 25 అడుగులు. పదేళ్లుగా 10 అశ్వశక్తుల మోటారుతో వేటకు పోతున్నారు. కరపత్రం చూశాక వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకొని 25 అశ్వశక్తుల మోటారు కొన్నారు. తీరంలో ఈ అడ్వాన్సు పద్ధతి తెలియనివారు లేరు. వడ్డీ కాగితం మీద కనిపించదు. అప్పు తీరేదాకా పట్టిన చేప ఆ వ్యాపారికే, ఆయన కట్టిన ధరకే వేయాలి. వడ్డీ అంతా ఆ ధరలోనే ఉంటుంది.

కొత్త మోటారు వచ్చిన ఎనిమిది నెలలకు పడవ వెనుక పలక పగుళ్లు తీసింది. ఆయిలు ఖర్చు రెట్టింపుకు దగ్గరైంది. వేగం మాత్రం అనుకున్నంత పెరగలేదు. "రెండున్నర రెట్ల మోటారు పెట్టినప్పుడు రెండున్నర రెట్లు పోవాలి గదండి?" అని ఆయన ప్రశ్న.

అంత పెద్ద మోటారు ఎందుకు కావాలనుకున్నారని అడిగాను. ఆయన చెప్పిన సమాధానం విన్నాక ఆ కోరికను దురాశ అనడానికి నాకు నోరు రాలేదు. 10 అశ్వశక్తులకు ముందు ఆయన దగ్గర 5 అశ్వశక్తుల పాత మోటారు ఉండేదట. ఒక జూలైలో వేట ముగించుకొని తిరిగి వస్తుండగా పడమటి గాలి లేచింది. అది నేల మీదనుంచి సముద్రంలోకి తోసే గాలి. పడవలో నలుగురు మనుషులు, తడిసిన వలలు, చేపలు. "ఒడ్డు కనబడతానే ఉందండి. కొబ్బరిచెట్లు లెక్కెట్టుకోవచ్చు. గంటసేపు మోటారు అరుత్తానే ఉంది, ఒక్క చెట్టు దగ్గరికి రాలేదు." చివరకు చేపలు, మంచు సముద్రంలో పారబోసి, పడవను తేలిక చేసి, చీకటి పడ్డాక ఒడ్డు చేరారు. ఆ గంటను మరచిపోలేని మనిషికి "శక్తివంతమైన" అనే మాట ఎలా వినబడి ఉంటుందో ఊహించవచ్చు.

ఒకే మనిషి తక్కువ శక్తితో ప్రాణం మీదకు తెచ్చుకున్నాడు, ఎక్కువ శక్తితో అప్పులపాలయ్యాడు. ఈ రెంటి నడుమ ఉన్న కొలతకే ఇంగ్లీషువాడు 'అడిక్వేట్' అన్నాడు. తెలుగులో దానికి "చాలినంత" అనే మాట ఉంది. నాకు ఆ మాట తెలియక కాదు. దాని వెనుక ఎంత లెక్క ఉన్నదో తెలియక దాన్ని తేలికైన మాటగా భావించాను. ఆ తరువాత కొన్ని నెలలపాటు ఆ లెక్క నేర్చుకున్నాను. పడవ ఉన్నవారికే కాక, ఏ యంత్రమైనా కొనబోయేవారికి అది పనికి వస్తుందనిపించి ఇక్కడ చెబుతున్నాను.

ఒకటిన్నర అశ్వశక్తితో మొదలు

ఈ రకం మోటారును జనంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో 1877లో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికాలోని విస్కాన్సిన్ చేరాడు. ఒక ఎండాకాలం ఆదివారం ఆయన కాబోయే భార్య ఐస్‌క్రీం అడిగిందనీ, సరస్సు దాటి తెడ్డు వేసుకుంటూ పోయి తెచ్చేసరికి అది కరిగిపోయిందనీ, అప్పుడే పడవకు మోటారు పెట్టాలనే ఆలోచన వచ్చిందనీ ఒక కథ చెబుతారు. ఆయన 1909లో అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి 1.5 అశ్వశక్తులు, బరువు 62 పౌండ్లు, అంటే సుమారు 28 కిలోలు. అంతకు మూడు నాలుగేళ్ల ముందే కామెరాన్ వాటర్‌మన్ అనే మరో అమెరికన్ ఇటువంటి మోటారును తయారుచేశాడు.

గమనించవలసినది ఆ ఒకటిన్నర సంఖ్య. సరస్సు మీద ఇద్దరు ముగ్గురు కూర్చునే తెడ్డు పడవకు అది చాలింది. తెడ్డు వేసే మనిషి చాలాసేపు నిలకడగా ఇవ్వగల శక్తి అశ్వశక్తిలో పదోవంతు చుట్టుపక్కలే. ఒకటిన్నర అశ్వశక్తి అంటే పదిహేనుమంది తెడ్డు పట్టినట్లు. నేటి మోటార్ల సంఖ్యలు మన కళ్లకు అలవాటై, పది అంటే తక్కువనీ నలభై అంటే గొప్ప అనీ అనుకుంటున్నాము. పడవకు మాత్రం మన గొప్పతో పనిలేదు. దానికి కావలసినది దాని పొడవు మీద, దాని బరువు మీద ఆధారపడి ఉంటుంది.

నీరు పెట్టిన హద్దు

రెండున్నర రెట్ల మోటారుతో రెండున్నర రెట్ల వేగం ఎందుకు రాలేదన్న పెద్దాయన ప్రశ్నకు సమాధానం వెతికినవాడు విలియం ఫ్రౌడ్ అనే ఆంగ్ల ఇంజనీరు (1810–1879). ఆయన 1870 దశకం ఆరంభంలో ఇంగ్లండులోని టార్కీ పట్టణంలో తన ఇంటి దగ్గర పొడవైన నీటి తొట్టి కట్టించి, అందులో నమూనా ఓడలను లాగి, నీరు వాటిని ఎంత బలంతో అడ్డుకుంటుందో కొలిచాడు.

పడవ కదిలేటప్పుడు ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. ఒక వేగం వద్ద ఆ అల పడవ అంత పొడవు అవుతుంది. ముక్కు ఒక శిఖరం మీద, వెనుక భాగం తరువాతి శిఖరం మీద ఉంటాయి. అంతకు మించి తోస్తే వెనుక భాగం అల పల్లంలోకి జారుతుంది, ముక్కు పైకి లేస్తుంది. అప్పటినుంచి పడవ తాను లేపిన అలనే కొండలాగా ఎక్కుతూ పోవాలి. ఈ హద్దును లెక్కకట్టే సూత్రం చిన్నది. నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.

పెద్దాయన పడవ 25 అడుగులు. దాని వర్గమూలం 5. దాన్ని 1.34తో గుణిస్తే 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. ఆ హద్దుకు లోపల కూడా శక్తి ఊరికే రాదు. నీటిలో వేగానికి కావలసిన శక్తి సుమారుగా వేగపు ఘనంతో పెరుగుతుంది. 5 నాట్లనుండి 6 నాట్లకు పోవాలంటే వేగం పెరిగేది 20 శాతమే, శక్తి మాత్రం 70 శాతానికి పైగా పెరగాలి. హద్దు దగ్గర పడేకొద్దీ ఇంకా ఎక్కువ కావాలి.

తేలికైన, వెనుక అడుగు చదునుగా ఉన్న పడవలు పెద్ద మోటారుతో ఆ కొండ ఎక్కి, నీటిని చీల్చడం మాని నీటి మీద జారుతూ పోగలవు. విహారానికి వాడే స్పీడుబోట్లు అటువంటివి. అందుకు ప్రతి పాతిక కిలోల బరువుకు ఇంచుమించు ఒక అశ్వశక్తి కావాలి. వల, మంచు, చేపలు నింపుకొని వచ్చే వేట పడవ ఆ పోటీకి పుట్టినది కాదు.

ఆయన చెప్పిన అంకెల మీదనే లెక్క వేసి చూపించాను. వేట చోటు 12 నాటికల్ మైళ్ల దూరం. పాత మోటారుతో 6 నాట్ల మీద రెండు గంటలు పట్టేది. కొత్త మోటారును నిండుగా తిప్పితే ఏడున్నర నాట్లు వస్తున్నది, గంటా ముప్పై ఆరు నిమిషాలు పడుతున్నది. ఆదా అయినది 24 నిమిషాలు. ఆయనవి రెండు మోటార్లూ టూ-స్ట్రోకు రకమే. పాతది నిండుగా తిరిగితే గంటకు సుమారు 5 లీటర్లు తాగేది, కొత్తది సుమారు 12. రెండు గంటలకు 10 లీటర్ల చోట ఇప్పుడు 19 లీటర్లు. అంటే ఒక్కొక్క పక్క ప్రయాణంలో 24 నిమిషాలను 9 లీటర్లు పోసి కొంటున్నారన్నమాట.

"ముందొచ్చిన పడవకే ధర బాబుగారండి" అన్నారాయన. అదీ నిజమే. వేలంపాటలో మొదటి పడవకు వచ్చే ధర అయిదో పడవకు రాదు. కాని తీరంలోని పడవలన్నీ పాతిక మోటారు పెట్టిన రోజున మొదట వచ్చేది ఎవరు? అందరూ మళ్లీ ఎవరి వరుసలో వారే ఉంటారు, ఆయిలు ఖర్చు మాత్రం అందరికీ పెరుగుతుంది.

కేరళ తీరం చెప్పిన పాఠం

ఇది ఊహించి అన్న మాట కాదు. కేరళ తీరంలో 1980 ప్రాంతంలో నాటుపడవలకు ఔట్‌బోర్డు మోటార్లు విరివిగా రావడం మొదలైంది. తొలుత వచ్చినవి 7, 8 అశ్వశక్తులవి. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిను మీద నడిపేవారు. తెడ్డు వేసి చేతులు కాయలు కాచిన మనుషులకు అది గొప్ప విముక్తి. వారు మరింత దూరం పోగలిగారు, గాలికి ఎదురు రాగలిగారు. కాని పక్క పడవవాడు 15 పెడితే ఇతడు 25 పెట్టవలసి వచ్చింది, అతడు 40కి పోయాడు. పెద్ద చుట్టువలలు వచ్చాక ఒక్కొక్క పడవకు రెండేసి మూడేసి పెద్ద మోటార్లు బిగించారు. సర్కారు రాయితీ మీద ఇచ్చే కిరోసిను ఎన్నడూ చాలలేదు. మోటారు కొనడానికీ, నడపడానికీ, కొన్నేళ్లకే మార్చడానికీ అప్పులు చేయవలసి వచ్చింది. సముద్రంలోని చేప మాత్రం అశ్వశక్తులతోపాటు పెరగలేదు.

మన తూర్పు తీరానికి మరో ఇబ్బంది ఉంది. రేవు లేని ఇసుక ఒడ్డుల మీద, విరిగిపడే కెరటాల గుండా పడవ లోపలికి పోవాలి, అలాగే రావాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత పథకాన్ని ప్రారంభించినప్పుడు, దాని ఇంజనీర్లు స్వీడన్ దేశపు ఆర్థిక సహాయంతో ఈ తీరాలకు తగిన పడవల మీద ప్రయోగాలు చేశారు. ఒడ్డు తాకేటప్పుడు ప్రొపెల్లరును పైకి ఎత్తుకోగలిగేలా చిన్న డీసెలు ఇంజన్లను అమర్చి చూశారు. అక్కడా వారు పెట్టినవి ఇంచుమించు పది అశ్వశక్తుల లోపు ఇంజన్లే. కెరటం దాటడానికి కావలసినది భారీ మోటారు కాదనీ, సమయం తెలిసిన సరంగు, పైకి లేవగల ప్రొపెల్లరు, తేలికైన పడవ కావాలనీ తీరం ఎరిగినవారు ఎప్పుడూ చెప్పేదే.

చాలినంత ఎంత?

ఇక అసలు లెక్క. మొదట బరువు తూచాలి. పడవ ఒక్కదాని బరువు కాదు, వేటనుండి తిరిగి వచ్చేటప్పుడు ఉండే మొత్తం బరువు. పెద్దాయన, నేను ఇసుకలో పుల్లతో రాసుకున్న లెక్క ఇది: పడవ 700 కిలోలు, నలుగురు మనుషులు 280, తడి వలలు 250, మంచు, చేపలు 500, ఆయిలు, తాగునీరు 70, మోటారు 50. వెరసి 1,850 కిలోలు.

నీటిని చీల్చుకుంటూ పోయే పడవలకు ప్రతి 500 పౌండ్లకు, అంటే సుమారు 227 కిలోలకు, ఒక అశ్వశక్తి చాలునని పడవల పనివారి పాత అంచనా. 1,850ని 227తో భాగిస్తే 8 పైన వస్తుంది. ఇది నిలకడ నీటిలో, గాలి లేనప్పుడు, పడవ అడుగు శుభ్రంగా ఉన్నప్పుడు. నాచు, గుల్ల పట్టిన అడుగు నీటిని మరింత పట్టుకుంటుంది. ఎదురుగాలి ఉంటుంది. ఏ మోటారునూ రోజంతా నిండుగా తిప్పరాదు. నిండు వేగానికి కాస్త తక్కువగా నడిపితేనే అది నాలుగు కాలాలు మన్నుతుంది. కనుక నాలుగోవంతు కలుపుకోవాలి. ఎనిమిదికి రెండు కలిపితే పది. పెద్దాయన పదేళ్లు వాడిన మోటారు సరిగ్గా అదే! అది నా కరపత్రం రాకముందే ఆ పడవకు చాలినంతగా ఉంది.

నదిలో నడిపే పడవకు మరొక లెక్క చేర్చాలి. అది ప్రవాహం. నిలకడ నీటిలో 4 నాట్లు పోయే పడవ 3 నాట్ల ప్రవాహానికి ఎదురు పోతే గట్టును బట్టి అది కదిలేది ఒక్క నాటే. దానికి ఎదురుగాలి తోడైతే ఆ ఒక్కటీ మిగలదు. వేసవిలో గోదావరి మీద చాలిన మోటారు శ్రావణ మాసపు వరదలో చాలదు. అప్పుడు మోటారు మార్చడం కంటె ప్రయాణం మానడం మేలు. అది కూడా "చాలినంత" అన్న మాట అర్థంలో భాగమే.

పలక, షాఫ్టు, ప్రొపెల్లరు

శక్తికి పై హద్దు కూడా ఉంది. 10 అశ్వశక్తుల మోటారు సుమారు 40, 50 కిలోల్లో వస్తుంది. పాతిక దాటితే 60 పైన కూడా ఉండవచ్చు. ఆ బరువూ, దాని తోపూ పడవ వెనుక చివర ఒక్క పలక మీద పడతాయి. పెద్దాయన పడవ పగిలింది అక్కడే. వెనుక బరువెక్కిన పడవలోకి వెనుకనుంచి వచ్చే కెరటం తేలికగా ఎక్కుతుంది. అమెరికాలో 1971 నాటి పడవ భద్రతా చట్టం తరువాత 20 అడుగుల లోపు మోటారు పడవలకు ఎంత బరువు, ఎన్ని అశ్వశక్తులు మించరాదో తెలిపే చిన్న పలకను తయారీదారు బిగించవలసి ఉంటుంది. చిన్న పడవలకు అక్కడి లెక్క సులువైనది. పడవ పొడవునూ వెనుక పలక వెడల్పునూ అడుగుల్లో గుణించాలి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు అయితే 48. అటువంటి పడవకు పై హద్దు 15 అశ్వశక్తులు. అడుగు చదునుగా, అంచులు కోణంగా ఉంటే 10 మాత్రమే. ఇది మించరాని హద్దు, అంత కొనమన్న సలహా కాదు.

తరువాత షాఫ్టు పొడవు. సాధారణంగా 15 అంగుళాలు, 20 అంగుళాలు అని రెండు రకాలు దొరుకుతాయి. పలక పైఅంచునుండి పడవ అడుగు వరకు కొలిచి దానికి సరిపోయేది తీసుకోవాలి. ప్రొపెల్లరు పైన ఉండే అడ్డురేకు పడవ అడుగుతో సమంగా గాని, ఒక అంగుళం కిందుగా గాని ఉండాలి. షాఫ్టు పొట్టిదైతే ప్రతి కెరటానికీ ప్రొపెల్లరు గాలి మింగి వృథాగా గిర్రున తిరుగుతుంది. మరీ పొడవైతే నీటిని ఈడ్చుకుంటూ పోతుంది, ఇసుకను తాకుతుంది.

చాలామంది పట్టించుకోనిది ప్రొపెల్లరు. దాని మీద రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది వ్యాసం. రెండవది పిచ్, అంటే ఒక చుట్టుకు అది ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో తెలిపేది. సైకిలు తొక్కేవారికి ఇది సులువుగా బోధపడుతుంది. బరువు వేసుకొని ఎగువకు తొక్కేటప్పుడు తేలిక గేరు కావాలి. బరువు పడవకు తక్కువ పిచ్ కావాలి. దుకాణంలో మోటారుతోపాటు వచ్చే ప్రొపెల్లరు తరచు తేలిక పడవకు తగినదై ఉంటుంది. పరీక్ష ఏమిటంటే, నిండు బరువుతో, నిండు థ్రాటిల్ మీద మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో కొలవాలి. తయారీదారు పుస్తకంలో ఇచ్చిన పరిధిని అది అందుకోవాలి. అందుకోకపోతే మోటారు ఆయాసపడుతున్నదన్నమాట. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఇంచుమించు 200 చుట్లు పెరుగుతాయి. మోటారు చాలడం లేదని పెద్దది కొనేముందు, ప్రొపెల్లరు మార్చి చూడడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని.

కొనేముందు అడగవలసినవి

అమ్మేవారిని ఈ మాటలు అడగండి. నా పడవ మీద, నా బరువుతో, నీటిలో నడిపి చూపుతారా? గంటకు ఎన్ని లీటర్లు తాగుతుంది? ఈ చుట్టుపక్కల విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? వేరే ప్రొపెల్లరు ఇస్తారా? వీటికి జవాబు చెప్పనివారి దగ్గర ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు.

కొన్నాక పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. మోటారు తిరుగుతున్నంతసేపూ పక్కనుండి సన్నని నీటి ధార పడుతుండాలి. అది ఆగితే చల్లబరచే నీరు లోపలికి పోవడం లేదని అర్థం, వెంటనే మోటారు ఆపాలి. ప్రొపెల్లరుకు షియర్ పిన్ను ఉన్న మోటారైతే ఆ చిన్న పిన్నులు రెండు మూడు ఎప్పుడూ జేబులో ఉండాలి. రాయి తగిలితే అది విరిగి గేర్లను కాపాడుతుంది. నడిపేవారి మణికట్టుకు కట్టుకునే తాడు ఒకటి మోటారుతో వస్తుంది. మనిషి నీటిలో పడితే ఆ తాడు లాగి మోటారును ఆపేస్తుంది. అమెరికాలో చిన్న పడవలు నడిపేవారు దీన్ని వాడాలని 2021 ఏప్రిల్ నుండి చట్టమే ఉంది. మన దగ్గర చాలామంది దాన్ని మోటారుకే చుట్టి ఉంచుతారు. ఇక తెడ్లు. ఎంత మంచి మోటారు ఉన్నా అవి పడవలో ఉండవలసిందే.

పెద్దాయన ఆ పాతిక మోటారును నష్టానికి అమ్మి, పాత పదిని మరమ్మతు చేయించుకున్నారు. వ్యాపారి బాకీ తీరడానికి మరో రెండు వేటకాలాలు పట్టింది. ఆ రెండేళ్లూ ఆయన పట్టిన చేపకు తక్కువ ధర రావడంలో నా "మంచి శక్తివంతమైన" అనే మాటకు కొంత పాలు ఉంది. కరపత్రం ఇచ్చిన సంస్థకు ఉత్తరం రాశాను. తరువాతి ముద్రణలో ఆ వాక్యం మారింది: "మీ పడవ పొడవుకూ, నిండు బరువుకూ, ఎదురుగాలికీ చాలినంత శక్తి గల మోటారును ఎంచుకోండి." ఇంగ్లీషులో ఉన్నదానికంటె నాలుగు మాటలు ఎక్కువే.

ఆ పడవను ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు. ఈమధ్య ఫోను చేశాడు. పాతదాని స్థానంలో 28 అడుగుల పడవ కట్టించాడట, అయిదుగురు పోతున్నారట. "నాన్నగారితో మీరు ఇసకలో రాసిన లెక్కే ఏసేనండి. నిండు బరువు రెండువేల ఆరొందలు వచ్చిందండి" అన్నాడు. 2,600ని 227తో భాగిస్తే పదకొండున్నర. నాలుగోవంతు కలిపితే పద్నాలుగు పైచిలుకు.

"పదిహేను కొన్నానండి" అన్నాడు. "పాతిక తీసుకోమని శానామంది సెప్పేరు. చాలినంత చాలన్నానండి."